మందు ఎవరి కొరకు?

మామిడి ఋతువులో మన నూజివీడు వీధులలో ఒక దృశ్యం అందరికీ పరిచితమే. ఇంటి అరుగు మీద పెద్దలూ పిల్లలూ కలిసి కూర్చుని, చిన్న రసాలను చేతులతో మెత్తగా నులిమి, తొడిమ దగ్గర కొరికి జుర్రుకుంటూ ఉంటారు. రసం పెదవుల మీదుగా గడ్డం మీదికి, అక్కడినుండి మోచేతి దాకా కారుతుంది. దానిని చూసి ఎవరూ ముఖం తిప్పుకోరు. పైపెచ్చు, రసం మామిడిని చెయ్యి తడవకుండా తినేవానికి తినడమే రాదని నవ్వుతారు. కాని అదే అరుగు మీద కంపవాతంతో బాధపడే ఒక వృద్ధుని పెదవి కొస నుండి నాలుగు చుక్కల లాలాజలం జారితే చూపులన్నీ పక్కకు మళ్ళుతాయి. తినే పళ్ళెం కొంచెం దూరం జరుగుతుంది. పిల్లవానిని ఎవరో లోపలికి పిలుస్తారు.

మన సంచిక రెండు భాషలది. ఈ ఒక్క విషయంలో రెండు భాషలూ ఒకే తప్పు చేశాయని చెప్పక తప్పదు. తెలుగులో 'చొంగ కార్చడం' అంటే పేరాశతో వెంటపడడం. 'సొల్లు' అంటే పనికిరాని మాట. ఉర్దూలో 'రాల్ టపక్‌నా' అన్నా అదే పేరాశ. ఈ మాటలను రోగిని ఉద్దేశించి ఎవరూ పుట్టించలేదు. అయినా రోజూ వాటిని వింటున్నవాడు రోగి. తన దేహంలోని ఒక బలహీనత ఊరందరికీ తిట్టుగా మారినదని అతనికి తెలుసు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది క్లుప్తంగా ఇది. నాడీమండల వ్యాధులలో ఎడతెగక కారే లాలాజలాన్ని తగ్గించే మందులు నేడు ఉన్నవి. అవి ఉన్నవన్న సంగతి చాలా కుటుంబాలకు తెలియదు. తెలియాలి. కాని ఆ మందును రోగి సుఖం కొరకు వాడాలే తప్ప, చూసేవారి అసహ్యాన్ని తీర్చడం కొరకు వాడరాదు. ఈ రెండింటికీ నడుమ ఉన్న భేదం చిన్నది కాదు. దానిని విస్మరిస్తే ప్రాణం మీదికి కూడా రావచ్చు.

మొదట వ్యాధి స్వభావాన్ని గ్రహించాలి. ఆరోగ్యవంతుడైన పెద్దవాని నోటిలో రోజుకు సుమారు అర లీటరు నుండి ఒకటిన్నర లీటర్ల లాలాజలం ఊరుతుంది. చెవుల ముందు, దవడ కింద, నాలుక కింద ఉన్న మూడు జతల గ్రంథులు దీనిని స్రవింపజేస్తాయి. మనమందరం రోజుకు వందలసార్లు దానిని తెలియకుండానే మింగుతూ ఉంటాము. మింగడం అనేది చూడడానికి అల్పమైన పనే గాని, పెదవులు, నాలుక, అంగిలి, గొంతు కండరాలు క్షణంలో ఒక వరుస ప్రకారం కదలవలసిన కార్యం అది. మస్తిష్క పక్షవాతంతో పుట్టిన బిడ్డలో, పక్షవాతం వచ్చినవారిలో, కంపవాతం ముదిరినవారిలో, మోటార్ న్యూరాన్ వ్యాధిగ్రస్తులలో ఆ వరుస చెడుతుంది. అందువల్ల ఊరిన జలం నోటిలో నిలిచి బయటికి జారుతుంది. కంపవాత రోగులలో లాలాజలం అధికంగా ఊరుతుందని చాలామంది భావిస్తారు. నిజానికి వారిలో అది ఇతరులకన్న తక్కువగా ఊరడం కూడా కద్దు. లోపమంతా మింగడంలోనే ఉన్నది. 1817లో లండను వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఈ వ్యాధిని వర్ణిస్తూ వ్రాసిన చిన్న గ్రంథంలోనే రోగి నోటి నుండి లాలాజలం కారడాన్ని పేర్కొన్నాడు. అంటే ఇది రోగి అలసత్వమూ కాదు, తెలివితక్కువతనమూ కాదు, పెంపకంలోని లోపమూ కాదు. పసిబిడ్డకు రెండేళ్ళ వరకు చొంగ కారడం సహజం. నాలుగేళ్ళు దాటిన తరువాత కూడా ఆగకపోతే వైద్యునికి చూపించాలి.

ఇది కేవలం కంటికి ఇంపుగా లేని విషయమైతే ఇంత వ్రాయనక్కరలేదు. నిరంతరం తడిసే గడ్డం మీద చర్మం ఒరసి పుండ్లు పడుతుంది. రోజుకు ఆరేడు చొక్కాలు మార్చవలసి వస్తుంది. ఆ బట్టలు ఉతికే తల్లి శ్రమను ఎవరూ లెక్కవేయరు. బడికి వెళ్ళే బిడ్డ పుస్తకం తడుస్తుంది, పలక మీద వ్రాసినది చెరుగుతుంది, పక్క పిల్లవాడు బల్ల మారుతాడు. అన్నిటికన్న ప్రమాదకరమైనది కంటికి కనిపించనిది. లాలాజలం బయటికి కాక వెనుకకు, ఊపిరితిత్తులలోనికి జారితే న్యుమోనియా వస్తుంది. కాబట్టి దీనిని 'చిన్న విషయం' అని కొట్టివేయడం శోచనీయం.

ఇక మందుల సంగతి. విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు ఇది ఆసక్తికరమైన అధ్యాయం. మన తోటల గట్లమీద, రోడ్ల పక్కన తెల్లని బూరగొట్టం వంటి పువ్వులతో, ముళ్ళకాయలతో పెరిగే ఉమ్మెత్త మొక్క అందరికీ తెలుసు. అందులోనూ, ఐరోపాలో పెరిగే బెల్లడోనా మొక్కలోనూ అట్రోపిన్, హయొసిన్ వంటి ద్రవ్యాలు ఉన్నవి. అవి నోటిని ఎండబెడతాయి. పందొమ్మిదవ శతాబ్దంలో పారిస్ నగరంలో షార్కో మహాశయుడు ఈ జాతి ద్రవ్యాలనే కంపవాత రోగులకు వాడాడు. అవి ఎందుకు పనిచేస్తాయో తరువాతి శతాబ్దంలో తెలిసినది. 1921లో ఆటో లోవీ కప్ప గుండె మీద చేసిన ప్రయోగంతో, నాడి తన ఆజ్ఞను ఒక రసాయనం ద్వారా అందజేస్తుందని ఋజువైనది. ఆ రసాయనమే ఎసిటైల్‌కోలిన్. ఈ పరిశోధనలకు లోవీ, హెన్రీ డేల్ 1936లో నోబెల్ బహుమానం పంచుకున్నారు. లాలాజల గ్రంథికి 'స్రవించు' అని ఆజ్ఞ తెచ్చేది ఈ ఎసిటైల్‌కోలినే. మందు ఆ ఆజ్ఞ గ్రంథికి అందకుండా అడ్డుపడుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఉమ్మెత్తలో మందు ఉన్నదని విని ఆకో గింజో నూరి ఇచ్చేవారు ఉండవచ్చు. ఒక్కొక్క మొక్కలో, ఒక్కొక్క గింజలో ఆ ద్రవ్యం ఎంత ఉన్నదో ఎవరూ కంటితో చెప్పలేరు. ఉమ్మెత్త విషం మతి తప్పిస్తుంది, ప్రాణం తీస్తుంది. దాని జోలికి పోరాదు.

నేడు వైద్యులు వాడే మందులలో ముఖ్యమైనది గ్లైకోపైరోలేట్. ఆపరేషనుకు ముందు రోగి నోరు, గొంతు పొడిగా ఉండడానికి మత్తు డాక్టర్లు దీనిని సూదిమందుగా చాలా కాలంగా వాడుతున్నారు. నాడీమండల వ్యాధులు గల 3 నుండి 16 ఏళ్ళ పిల్లలలో తీవ్రంగా చొంగ కారడానికి దీని ద్రవరూపాన్ని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2010లో ఆమోదించినది. ఇది రక్తంలో నుండి మెదడులోనికి అంత సులభంగా చొరబడదు. అందువల్ల మతిమీద దాని ప్రభావం తక్కువ. ట్రైహెక్సిఫెనిడిల్ అనే మాత్ర మెదడులోనికి చొరబడుతుంది. వృద్ధులలో అది మరపును, కలవరాన్ని కలిగించవచ్చు. హయొసిన్ పట్టీని చెవి వెనుక అంటించే పద్ధతి ఒకటి ఉన్నది. కంటిలో వేసే అట్రోపిన్ చుక్కలను కొందరు వైద్యులు నాలుక కింద వేయిస్తారు. చుక్క ఒకటి ఎక్కువైతే మోతాదే మారిపోతుంది గనుక దీనిని సొంతంగా ప్రయత్నించరాదు. గ్రంథులలోనికే బొట్యులినం అనే మందును సూదితో ఎక్కించే చికిత్స కూడా వచ్చినది. అమెరికాలో దీనిని పెద్దలకు 2018లో, పిల్లలకు 2020లో ఆమోదించారు. దాని ప్రభావం మూడు నాలుగు నెలలు ఉండి తగ్గిపోతుంది. మళ్ళీ ఎక్కించాలి. ఖర్చు కూడా ఎక్కువ.

ఇంతవరకు శుభవార్తయే. కాని ఎసిటైల్‌కోలిన్ లాలాజల గ్రంథులలో మాత్రమే పనిచేసే రసాయనం కాదు. పేగుల కదలికకు, మూత్రాశయానికి, కంటిపాపకు, చెమట గ్రంథులకు కూడా ఆజ్ఞ తెచ్చేది అదే. నోటిని ఎండబెట్టమని మింగిన మందు దేహమంతా తిరిగి అన్నిచోట్లా కొంత కొంత అడ్డుపడుతుంది. మలబద్ధకం వస్తుంది. మూత్రం బిగుస్తుంది. చూపు మసకబారుతుంది. నీటికాసుల వ్యాధి ఉన్నవారికి కంటికే ప్రమాదం. నోరు అతిగా ఎండితే కఫం జిగురై గొంతులో అడ్డుపడుతుంది, పళ్ళు పుచ్చుతాయి. ఎందుకంటే లాలాజలం వ్యర్థపదార్థం కాదు. ముద్దను తడిపేది, పిండి పదార్థాన్ని జీర్ణం చేయడం ప్రారంభించేది, పళ్ళను కాపాడేది, రుచిని నాలుకకు తెలిపేది అదే.

వీటిలో మన ప్రాంతానికి ప్రత్యేకంగా వర్తించేది చెమట సంగతి. ఈ మందు వాడేవానికి చెమట సరిగా పట్టదు. చెమట పట్టకపోతే దేహం చల్లబడదు. చల్లని దేశాలలో ఇది మందు పెట్టెమీద వ్రాసే ఒక వాక్యం మాత్రమే కావచ్చు. మే నెలలో నలభై డిగ్రీలు దాటే మన మామిడి తోటలలో అది వడదెబ్బ అవుతుంది. నాకు తెలిసిన ఒక కుటుంబం ప్రతి ఏడూ తోట కౌలుకు తీసుకుని, కాయ దిగే వరకు పాకలోనే కాపురం ఉంటుంది. మస్తిష్క పక్షవాతం గల పన్నెండేళ్ళ కొడుకును ఇంటి వద్ద చూసేవారు లేక వెంట తీసుకువెళ్ళారు. చలికాలంలో మొదలుపెట్టిన మందు బాగా పనిచేసినది. గడ్డం ఆరినది, పుండు మానినది, తల్లి సంతోషించినది. ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం బాలుని ముఖం ఎర్రబడి, ఒళ్ళు కాలిపోతూ, చర్మం మీద చెమటచుక్క లేకుండా సోలిపోయాడు. సకాలంలో తడిగుడ్డలు చుట్టి ఆస్పత్రికి చేర్చడం వల్ల బ్రతికాడు. ఆ తల్లి అన్న మాట నాకు గుర్తున్నది. "చెమట పట్టడం లేదంటే ఒళ్ళు చల్లగానే ఉన్నదేమో అనుకున్నానండీ." ఆమె తెలివితక్కువది కాదు. ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. మందు ఎవరి కొరకు?

మా పెద్ద మామూకు కంపవాతం. జేబులో ఎప్పుడూ రెండు రుమాళ్ళు ఉండేవి. ఇంటిలో ఉన్నంతకాలం ఆయనకు వైద్యుడు వ్రాసిన కొద్ది మోతాదే సరిపోయేది. బంధువుల పెళ్ళి ఒకటి వచ్చినది. దావత్‌లో దస్తర్‌ఖాన్ వద్ద నలుగురి నడుమ కూర్చోవాలి. అంతకు ముందు ఒక శుభకార్యంలో ఎవరో తన పళ్ళెం తీసుకుని వేరే వరుసకు పోవడం ఆయన చూశాడు. అందుకని ఎవరికీ చెప్పకుండా ఆ రోజు మాత్రలు రెట్టింపు మింగాడు. గడ్డం తడవలేదు. కాని నోరు ఎండి ముద్ద గొంతు దిగలేదు. రాత్రికి మూత్రం బిగుసుకున్నది, మనుషులను గుర్తుపట్టలేకపోయాడు. కోలుకున్న తరువాత నేను కొంచెం కోపంగానే అడిగాను. "ఏం చేయమంటావు బేటా, నన్ను చూసి మీరు తలవంచుకోకూడదని వేసుకున్నాను" అన్నాడు.

ఆ మాత్రలు మా మామూ మింగాడు గాని, మింగించినది మేము. మా చూపులు, మా మొహమాటం, ఆ పళ్ళెం జరిపిన చేయి. రోగం ఆయనది. మందు వేసినది మాత్రం మా అసహ్యానికి.

దీనికి ఒక ఆక్షేపణ రావచ్చు. నలుగురిలో తిరగగలగడం కూడా సుఖమే కదా, అవమానం కూడా బాధయే కదా, ఆ బాధను మందు తగ్గిస్తే తప్పేమిటి అని అడగవచ్చు. తప్పు లేదు. బడిలో చేర్చుకోమన్న చోట చేర్పించడానికి, పెళ్ళి పందిరిలో కూర్చోవడానికి, ఉద్యోగంలో నిలవడానికి రోగి తానే కోరి, మంచిచెడ్డలు తెలిసి మందు వాడితే అది అతని హక్కు. నేను కాదంటున్నది మరొకటి. రోగిని అడగకుండా, అతని నోరు ఎంత ఎండుతున్నదో విచారించకుండా, గడ్డం పూర్తిగా ఆరేవరకు మోతాదు పెంచమని వైద్యుని వేధించడం. మాట రాని బిడ్డ విషయంలో ఇది మరింత జరుగుతుంది. నోరు ఎండినదని, కడుపు ఉబ్బినదని ఆ బిడ్డ చెప్పలేడు. గడ్డం పొడిగా ఉన్నది గనుక అందరూ బాగున్నదనుకుంటారు. చికిత్సకు కొలబద్ద గడ్డం ఆరడం కాదు. పుండు మానినదా, నిద్ర పట్టుతున్నదా, ముద్ద దిగుతున్నదా, మలమూత్రాలు సరిగా ఉన్నవా అన్నవే కొలబద్దలు. కొంచెం తడి మిగిలితే మిగలనివ్వండి. దానికి రుమాలు ఉన్నది.

కాబట్టి ఆచరణలో ఒక క్రమం పాటించాలి. మందుకు ముందు చూడవలసినవి కొన్ని ఉన్నవి. బిడ్డ తల వాలిపోకుండా నిటారుగా కూర్చునే కుర్చీ కావాలి. పుచ్చిన పళ్ళు, వాచిన చిగుళ్ళు ఉంటే దంతవైద్యుడు చూడాలి. పెదవులు మూయడం, మింగడం నేర్పే శిక్షణ ఇప్పించాలి. కంపవాత రోగికి 'మింగండి' అని మధ్యమధ్య గుర్తుచేయడం కూడా ఉపకరిస్తుంది. మూర్ఛకు వాడే క్లోనజెపామ్, మానసిక వ్యాధికి వాడే క్లోజపిన్ వంటి మందులే చొంగను పెంచుతూ ఉండవచ్చు. అటువంటప్పుడు రెండవ మందు చేర్చడానికి ముందు మొదటిదానిని గురించి వైద్యునితో మాట్లాడాలి. వాటిని సొంతంగా ఆపరాదు. ఇవన్నీ చేసినా చాలకపోతే మందు. దానిని కొద్ది మోతాదుతో ప్రారంభించి క్రమంగా పెంచాలి. గ్లైకోపైరోలేట్ ద్రవాన్ని భోజనానికి గంట ముందు గాని, రెండు గంటల తరువాత గాని ఇవ్వాలి. కొవ్వు పదార్థాలతో కలిస్తే అది ఒంటికి సరిగా పట్టదు. ఒక చిన్న నోటుపుస్తకంలో ప్రతిరోజూ ఎన్ని బట్టలు మార్చారో, విరేచనం అయినదో లేదో, మూత్రం ఎన్నిసార్లు వచ్చినదో వ్రాసి వైద్యునికి చూపించాలి. వేసవి రాకముందే మోతాదును గురించి వైద్యుని అడగాలి. మధ్యాహ్నం నీడపట్టున ఉంచాలి. ఒళ్ళు వేడిగా, పొడిగా ఉంటే మందు ఆపి, దేహాన్ని చల్లబరుస్తూ వెంటనే ఆస్పత్రికి చేర్చాలి.

చివరగా కళాశాల కమిటీ పెద్దలకు, విద్యార్థి మిత్రులకు కొన్ని మనవులు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించినది. మస్తిష్క పక్షవాతం, పార్కిన్సన్ వ్యాధి అందులో ఉన్నవి. ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలూ, ప్రభుత్వ సహాయం పొందే సంస్థలూ నిర్ణీత స్థాయి వైకల్యం గలవారికి 5 శాతానికి తక్కువ కాకుండా సీట్లు కేటాయించాలని ఆ చట్టం చెబుతున్నది. సీటు కాగితం మీద ఉంటే చాలదు. గడ్డం తుడుచుకుంటూ వచ్చే విద్యార్థికి పక్కన కూర్చునే మనిషి కూడా ఉండాలి. చట్టం సీటును ఇవ్వగలదు గాని, ఆ మనిషిని ఇవ్వలేదు.

1999 నాటి చట్టంతో ఏర్పడిన జాతీయ ట్రస్టు 'నిరామయ' అనే ఆరోగ్య బీమా పథకాన్ని నడుపుతున్నది. మస్తిష్క పక్షవాతం, ఆటిజం, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం గలవారికి లక్ష రూపాయల వరకు అందులో వర్తిస్తుంది. ఆస్పత్రిలో చేరకుండా తీసుకునే చికిత్సలు, మందులు, శిక్షణలు కూడా అందులో చేరి ఉన్నవి. మన వీధులలో ఎన్ని కుటుంబాలకు ఈ సంగతి తెలుసు? దరఖాస్తు నింపడం డిగ్రీ చదివే విద్యార్థికి అరగంట పని. సేవా పథకం విద్యార్థులు ఈ వేసవికి ముందే ఇంటింటికి వెళ్ళి, తెలుగులో ఒక వైపు, ఉర్దూలో ఒక వైపు ముద్రించిన ఒక్క కాగితం పంచవచ్చు. 'చొంగకు మందు ఉన్నది. వైద్యుని అడగండి. మందు వాడేవారిని ఎండలో ఉంచకండి. చెమట పట్టకపోతే ప్రమాదం.' ఈ నాలుగు వాక్యాలు చాలు. స్థానిక వైద్యులొకరు ఆ కాగితాన్ని ముందుగా చూసి సరిదిద్దితే మరీ మంచిది. ఆ తోట పాకలోని తల్లికి సకాలంలో అందవలసినది అటువంటి కాగితమే.

మందు కనిపెట్టడం శాస్త్రజ్ఞుని పని. మోతాదు నిర్ణయించడం వైద్యుని పని. పక్క నుండి లేచిపోకుండా కూర్చోవడం మన పని. ఈ మూడవదానికి చదువు గాని, డబ్బు గాని అవసరం లేదు. ఈ ఏడు రసాలు పండినప్పుడు మీ ఇంటి అరుగు మీదికి అటువంటి పెద్దవారినో, బిడ్డనో పిలవండి. పలుచని రసం కొందరికి గొంతులో అడ్డుపడుతుంది గనుక గుజ్జుగా, చిన్న చెంచాతో ఇవ్వమంటారేమో ఇంటివారిని అడగండి. ఆనాడు అందరి గడ్డాలూ ఎటూ తడిసే ఉంటాయి.